అల్లూరులో ఉచిత సర్వీసు

దొంగతనానికి బయల్దేరేవాడు సంచిలో స్క్రూడ్రైవర్ పెట్టుకోవడం మామూలే. బెన్హర్ మాత్రం స్పిరిటు సీసా, పోగులు రాలని మెత్తటి గుడ్డ, చిన్న గ్రీజు డబ్బా కూడా సర్దుకుని నెల్లూరులో అల్లూరు బస్సెక్కాడు.

కొట్టేయాల్సింది ఒక్క క్యాసెట్. అగ్గిపెట్టెకు అన్నలా ఉండే డిజిటల్ టేపు. పులికాట్ సరస్సు పడవ పాటలు పాడిన పోలేరమ్మ అనే ఆమె గొంతు ఇంకెక్కడా లేదట. అల్లూరులో జకరయ్య అనే మైకుసెట్టు ఆయన రికార్డు చేసిన ఆ ఒక్క టేపులోనే ఉందట. ఆయన పోయాడు. భార్య మగ్దలీనమ్మ దగ్గర అది భద్రంగా ఉంది. ఇదంతా చెన్నై నుంచి మాట్లాడుతున్నానంటూ సుభాషిణి అనే మేడమ్ ఫోన్‌లో చెప్పింది.

"ఆమె అమ్మదు. ఎలా తెస్తారో మీ ఇష్టం. తెస్తే మీకు కొత్త కారు" అంది.

బెన్హర్ అప్పటికప్పుడే తన స్కూటర్ని అమ్మకానికి పెట్టేశాడు.

ఒకప్పుడు అతను ఆడియో మెకానిక్కే. ఆ రకం టేపులు పాడించే డెక్కు విప్పి, మళ్ళీ బిగించగలవాడు జిల్లాలో అతనొక్కడే మిగిలాడు. కానీ రిపేర్లలో ఏం మిగులుతుంది? పాత సామాన్లు కొనడం, కొనలేనివి కొట్టేయడం, రెండూ కలిపి అమ్ముకోవడం. ప్రాణానికి అదే హాయి.

మగ్దలీనమ్మ గడప ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అమ్మా, పాత పాటలు కాపాడే ట్రస్టు నుంచి వచ్చినా. టేపు మిషన్లకి ఉచితంగా సర్వీసు చేస్తాం."

"ఉచితమా!" ముసలామె కళ్ళు పెద్దవయ్యాయి. "ఏసయ్యే పంపించినట్టుండాడు నిన్ను. రా నాయనా. మా ఆయన ఉన్నప్పుడు రోజూ పాడేది, ఇప్పుడు మూలబడి ఉండాది. లోపల ఒక క్యాసెట్ కూడా ఇరుక్కోని ఉండాది."

బెన్హర్ గుండె గంతేసింది. డెక్కుని చూడగానే ఆ గుండే చతికిలబడింది.

దాన్ని కిటికీ పక్కన పెట్టారు. ఊరి చుట్టూ రొయ్యల గుంటలు, ఆవల సముద్రం. ఆ ఉప్పు గాలికి లోపలి పళ్ళచక్రాలు బిగుసుకుపోయాయి. స్విచ్చి వేస్తే తేమ గుర్తు వెలిగింది తప్ప తలుపు తెరుచుకోలేదు. పట్టుకారుతో లాగుదామంటే, వెంట్రుకంత పల్చటి టేపు తిరిగే డ్రమ్ముకి చుట్టుకుని ఉంది. లాగితే తెగుతుంది. తెగితే కారు పోతుంది.

అంటే దొంగిలించాలంటే ముందు బాగుచెయ్యాలి!

తిట్టుకుంటూ చొక్కా చేతులు మడిచాడు. మూత విప్పి ఫ్యాను గాలికి ఆరబెట్టాడు. గట్టిపడిన గ్రీజు గీకి కొత్తది రాశాడు. అరిగిన రబ్బరు రోలరు తీసి, ఎక్కడా దొరకదని ఏళ్ళ తరబడి దాచుకున్న తన సొంత రోలరు వేశాడు. కారు ముందు రోలరెంత?

మగ్దలీనమ్మ స్టూలు లాక్కుని పక్కనే కూర్చుంది.

"దూది పనికిరాదా నాయనా?"

"పోగులు ఇరుక్కుంటాయమ్మా. ఈ గుడ్డే వాడాల."

"మరి రుద్దవేంది? నీకు ఒళ్ళు వంగదా?"

"రుద్దితే టేపుని చదివే హెడ్డు విరుగుద్ది! గుడ్డ కదలకుండా పట్టుకోని, డ్రమ్మునే మెల్లగా తిప్పాల."

"ఓహో. యాడ పెట్టుకోవాల దీన్ని?"

"కిటికీ పక్కన మాత్రం వద్దు. తేమ గుర్తు వెలిగితే అది ఆరిందాకా తాకొద్దు. ఆపేముందు క్యాసెట్ బయటికి తియ్యాల. మీరు తియ్యకపోబట్టే నాకీ గతి!"

"నా మతి మండిపోను!" అని ఆమె నెత్తి కొట్టుకుంది. "అన్నం తిని చేద్దువులే, రొయ్యల ఇగురు వేడిగా ఉండాది."

తిన్నాడు. మళ్ళీ పనిలో పడ్డాడు. పొద్దు వాలుతుండగా లోపల ఏదో కిర్రుమంది. తలుపు తెరుచుకుని క్యాసెట్ బుద్ధిగా బయటికొచ్చింది.

"టీ పెడతా" అంటూ ముసలామె వంటింట్లోకి వెళ్ళింది. ఆ కాస్త సమయం చాలు. అసలు క్యాసెట్ బెన్హర్ జేబులోకి, అతను తెచ్చుకున్న ఖాళీ క్యాసెట్ ఆమె పెట్టెలోకి మారిపోయాయి.

ఆమె రాగానే తన సంచిలోని వేరే టేపు పెట్టి చూపించాడు. గంట కొట్టినట్టు పలికింది డెక్కు.

"మీ టేపు మాత్రం నెల దాకా పెట్టొద్దమ్మా. తేమ పట్టి ఉండాది."

"నువ్వు వద్దంటే ఏడాదైనా పెట్టను నాయనా" అని, పొట్లం కట్టిన రొయ్యపొట్టు అతని చేతిలో పెట్టింది. "సల్లంగుండు."

పాపం అనిపించింది బెన్హర్‌కి. బస్టాండు చేరేసరికి ఆ పాపం కాస్తా కారు రంగు దగ్గర ఆగిపోయింది. తెలుపా, ఎరుపా? ఫోన్ తీశాడు.

"మేడమ్! టేపు నా జేబులో ఉంది. చిన్న గీత కూడా పడలేదు."

"శభాష్ బెన్హర్ గారూ. మిషన్ ఎట్లా ఉంది?"

"మిషన్‌కేం మేడమ్, ఇంకో ఇరవై ఏళ్ళు ఢోకా లేదు. కారు ఎప్పుడు..."

ఫోన్‌లో ఆమె వెనక ఎవరో మగమనిషి హార్మోనియం వాయిస్తూ హాయిగా పాడుతున్నాడు.

"ఒక్క నిమిషం, పక్కనే ఉన్న మా అమ్మ మీతో మాట్లాడాలంటోంది" అంది సుభాషిణి.

"నాయనా, నీ జేబులోది ఖాళీ క్యాసెట్టే, ఉంచుకో" అంది మగ్దలీనమ్మ. "మా ఆయన పాడిన పాటలు బీరువా నిండా ఉండాయి, ఇన్నాళ్ళకి వింటా ఉండాం. రిపేరుకి ఎన్నిసార్లు ఫోన్ చేసి బతిమాలినా రాకపోతివి గదా, దొంగతనానికైతే పరిగెత్తుకోని వస్తావని మా సుభాషిణే ఈ ఉపాయం చెప్పింది!"