రాణివాసంలో కుక్కల బండి

“ఇగో, మళ్ల ముక్కింది! అయినా వస్తలేదే!” అంటూ హనుమండ్లు మంచం కింది నుంచి తల బయటికి తీశాడు. తీసే తొందరలో మంచంపట్టెకు ఠంగుమని కొట్టుకున్నాడు.

శ్రీరాంపూర్ కాలనీలో ఆదివారం మధ్యాహ్నం. మంచం కింద గోనెసంచి, దాని మీద భూమవ్వ పాత చీర, చీర మీద రాణి. జాతికి వీధికుక్కే అయినా పేరు రాణి కనుక అది రాణివాసమే. తొలిచూలు. నొప్పులు మొదలై రెండు గంటలైంది. రాణి ఈనదు, గమ్మునుండమంటే హనుమండ్లు వినడు.

ముప్పై ఏళ్లు బొగ్గుబాయిలోకి దిగివచ్చిన మనిషికి మంచం కిందికి దూరేసరికి ముచ్చెమటలు పోశాయి.

భూమవ్వ ఫోను పట్టుకుని పెరట్లోంచి వచ్చింది.

“డాక్టర్ ఏమన్నడే? గంతసేపు మాట్లాడితివి?”

“దూరం బోథ్ ఊర్ల పెండ్లిల ఉన్నడట. రేపు పొద్దుగాల తీస్కరమ్మన్నడు.”

“రేపటిదాంక ఇది బతుకుతదా?” హనుమండ్లు మళ్లీ మంచం కిందికి వంగాడు. “పిల్ల అడ్డం పడ్డట్టున్నది. రాణి మనకు దక్కదు భూమవ్వా!”

“నువ్వు పరేషాన్ గాకు. దాన్ని పరేషాన్ చెయ్యకు.”

భూమవ్వ నీళ్లు కాచింది. కాచి, గడపలో కూర్చుని కాచుకుంది.

అరగంట తిరక్కుండానే గేటు ముందు బండి ఆగింది. హనుమండ్లు కిటికీలోంచి తొంగిచూసి గుండె పట్టుకున్నాడు.

“కొంప మునిగింది! మున్సిపాలిటీ కుక్కల బండే! ఇది గా రాజం పనే!”

పక్కింటి రాజానికీ ఈ రాణికీ పేర్లు కలిశాయి గానీ మనసులు కలవలేదు. నిన్న కూడా గోడ మీది నుంచి, “నీ రాణి మొరుగుడుకు నాకు నిద్ర లేదు. పట్టిస్త సూడు!” అని అరిచాడు.

మోచేతుల దాకా గ్లౌజులు తొడుక్కుని, చేతిలో తాడుతో ఒకాయన గేటు తోసుకుని వచ్చాడు.

“నా పేరు తిమోతి, కాకా. కరిచే కుక్క ఉన్నదని ఫోనొచ్చింది. నోట్లె నురుగట, ముగ్గురిని కరిచిందట.”

“ఝూటా మాట! మా రాణి దోమను గూడ కరవలే. దోమలే దాన్ని కరుస్తయ్! ఎవడు చేసిండు ఫోను?”

“పేరు చెప్పలేదట. నీలి గేటు, ముంగట జామచెట్టు, అన్ని మంచిగ చెప్పిన్రట. గ్లౌజులు మరువకున్రి అని గూడ అన్నరట.”

“చూసినవా వాని కుట్ర! అందరికి ఆదివారం సెలవు, నీకు లేదా?”

“మామూలు కుక్కయితే సోమవారమే వద్దును. కరిచేదంటే గంటల రావాలె, రూలు. చర్చి నుంచి అట్నే వచ్చిన కాకా, బువ్వ గూడ తినలే.”

హనుమండ్లు రెండు చేతులూ చాచి గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు. సముద్రం దాటిన దేవుడి పేరు పెట్టుకున్నవాడు గడప దాటనివ్వనని పట్టుబట్టాడు.

“నన్ను పట్కపో! దాన్ని ముట్టకు!”

“నిన్ను పట్టే వల మా దగ్గర లేదు కాకా.”

భూమవ్వ వచ్చి మొగుడి చెయ్యి పట్టి పక్కకు లాగింది.

“రా కొడుకా. మంచం కింద ఉన్నది. కరుస్తదో లేదో నువ్వే సూడు. పట్కపొయ్యేదుంటే పట్కపో.”

“ఏమే, మతి పోయిందా నీకు?”

తిమోతి వంగి చూశాడు. వంగినవాడు లేవలేదు. చేతిలో తాడు నేల మీద పడింది.

“అయ్యో తల్లీ! అవ్వా, పిల్ల ఇరికింది. ఎనుక కాళ్లు ముందొస్తున్నయ్. సబ్బు, గోరెచ్చటి నీళ్లు, కొబ్బరినూనె, దారం…”

అతని మాట పూర్తయ్యేలోపే అన్నీ పక్కన ఉన్నాయి.

“నీకొస్తదా గీ పని?” హనుమండ్లు అడిగాడు.

“పన్నెండేండ్ల సంది కుక్కలతోనే గద కాకా. మా బండిల ఎన్ని ఈనినయో!”

పట్టుకుపోవడానికి వచ్చినవాడు పట్టు విడవకుండా కూర్చున్నాడు. గ్లౌజులు కడిగి నూనె రాశాడు. రాణి ముక్కినప్పుడల్లా మెల్లగా లాగాడు. చివరికి పిల్ల బయటపడింది. కదల్లేదు, మెదల్లేదు.

హనుమండ్లు కొండగట్టు అంజన్నకు మొక్కాడు, వేములవాడ రాజన్నకు మొక్కాడు. ఎందుకైనా మంచిదని తిమోతి వైపు చూసి, “యేసయ్యా!” అని కూడా అన్నాడు. తిమోతి పిల్లను గుడ్డతో రుద్దాడు. రుద్దీ రుద్దీ అతని చేతులు నొప్పెట్టాక, పిల్ల “కుయ్” మంది.

హనుమండ్లు ఆనందంతో భోరుమన్నాడు. ఆ భోరుకు బెదిరిందేమో, రెండోది వెంటనే జారిపడింది. చీకటి పడకముందే మొత్తం ఐదు.

భూమవ్వ తిమోతికి పీట వేసి, పొద్దున వండిన కోడికూరతో కడుపునిండా అన్నం పెట్టింది. అతను చెయ్యి కడుక్కుని, జేబులోంచి కాయితం తీసి, “కుక్క కరవలేదు, కన్నది” అని రాసుకున్నాడు.

“తప్పుడు ఫిర్యాదని చెప్త, ఫికర్ చెయ్యకున్రి. అవ్వా, పిల్లలు పైలం.”

బండి వెళ్లిపోయింది. హనుమండ్లు మూలనున్న కట్టె అందుకున్నాడు.

“ఇగ రాజంగాని సంగతి సూస్త! వాని కడుపు కాల, కడుపుతోని ఉన్నదాన్ని పట్టియ్య సూస్తడా?”

“కట్టె ఆడ వెట్టు,” అంది భూమవ్వ, ఐదో పిల్లను తుడుస్తూ.

“ఎందుకు వెట్టాలె?”

“ఫోను చేసింది నేనే.”