వెనక్కి బటన్

హరిత కదిరిలో వేరుశనగ గోదాము మీది గదిలో ఫోన్లకు వెబ్ పేజీలు తయారుచేస్తుంది. ఆ రాత్రి తాను కొత్తగా రాసిన 'వెనక్కి' బటన్‌ను తన ఫోన్‌లో నొక్కి చూసింది.

కింద కాపలా ఉండే ఆదెప్ప దగ్గి, "ఇంకా పోలేదా తల్లీ? షట్టర్ దించుతాండా" అన్నాడు.

"వస్తాండా అన్నా, ఉండు."

మళ్లీ నొక్కింది. అదే దగ్గు, అవే మాటలు. ఆదెప్పకు మతిమరుపేమో అనుకుంది. ఇంకోసారి నొక్కితే మళ్లీ అదే దగ్గు.

ఫోన్ పడేసి పరుగెత్తింది. సగం మెట్లు దిగిందో లేదో, చేతిలో ఫోన్‌తో తిరిగి కుర్చీలోనే ఉంది. తెర మీద బటన్‌ను ఎవరూ తాకలేదు. అయినా అది నొక్కుకుంటోంది.

"ఆదెప్పన్నా, నేను ఈడనే ఉండా!" అని అరిచింది.

కింద ఎవరో, "పైన ఎవరన్నా ఉండారా?" అని అడిగారు.

"ఎవరూ లేరప్పా. ఆ పాప పోయి చానాసేపైంది" అన్నాడు ఆదెప్ప.

షట్టర్ గరగరమంటూ దిగింది.