ఇద్దరూ వాడాల్సిన మందు

"తలుపు వేయనా? మాట్లాడాల్సినవి ఆడవాళ్ళ సంగతులు" అంది వచ్చినావిడ.

కుట్టుమిషను ముందు కూర్చున్న ఇల్లాలు, యూనిఫాం చొక్కాను సగంలో వదిలి, తనే లేచి గడియ పెట్టింది. వచ్చినావిడ డాక్టరమ్మ దగ్గర్నుంచి వస్తున్నానని గుమ్మంలోనే చెప్పింది. భుజానికి గుడ్డసంచి, నూనె రాసి బిగించి ముడేసిన జుట్టు. ఆస్పత్రి మనిషి ఇల్లు వెతుక్కుంటూ వచ్చిందంటే మంచివార్త అయి ఉండదని ఆమె గుండె అప్పటికే తీర్మానించుకుంది.

"మీ ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు కదూ?"

"అవును మేడం. ఏమైంది ఆయనకి? పైనుంచి పడ్డారా?"

"పడలేదు. గుండ్రాయిలా ఉన్నాడు. పరీక్షలో ఒక ఇన్ఫెక్షన్ బయటపడింది. కలిసి ఉన్నవాళ్ళకి అంటుతుంది. డాక్టరమ్మ నిలదీస్తే ఈ అడ్రసు చెప్పాడు. మీకెలా ఉంది?"

"బాగానే ఉంది" అంది ఆమె. ఎవరు అడిగినా నాలుక చివర సిద్ధంగా ఉండే మాట అది.

"మంట?"

"ఎక్కడ?"

"ఎక్కడో నాకంటే మీకే బాగా తెలుసు."

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వుతోపాటే కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. ఇన్నాళ్ళూ ఆ మంట గురించి ఆలోచించడానికి కూడా సిగ్గుపడింది.

"మూత్రానికి వెళ్తే మంట. ఎండకేమో అని నీళ్ళు తాగాను. మందులషాపతను మూత్రంలో ఇన్ఫెక్షనని బిళ్ళలిచ్చాడు. తగ్గలేదు."

"తెల్లబట్ట అవుతోందా? విరిగిన పాలలా, గడ్డలుగానా?"

"కాదు. పల్చగా, పచ్చగా, నురగలా. నీచువాసన. దురద కూడా."

"గడ్డలుగా ఉంటే అది ఫంగస్. దానికి మామూలుగా మొగుణ్ణి పిలవనక్కర్లేదు. మీది అది కాదేమో. అయినా నా మాటా ఒకటే, షాపతని మాటా ఒకటే. పరీక్ష చేస్తేనే ఖాయం. లోపల సబ్బూ లోషనూ పెట్టి కడుగుతున్నారా?"

"రోజూ."

"మానెయ్యండి. కాలినచోట కారం చల్లుకున్నట్టు."

"ఇంత తేలిగ్గా ఎలా మాట్లాడతారు మేడం?"

"మొదట్లో నాకూ నోరు రాలేదు. అలవాటైంది."

వచ్చినావిడ చూపు గోడకు వేలాడుతున్న మగవాడి చొక్కా మీద కాసేపు ఆగింది. "ఆ కాలరు తిప్పి కుట్టింది నువ్వేనా?"

"నేనే."

"నీట్‌గా కుట్టావు. కడుపుతో ఏమైనా ఉన్నావా?"

'మీరు' ఎప్పుడు 'నువ్వు' అయిందో ఆమె గమనించలేదు. కానీ ఆ మార్పుతో గదిలో కాస్త గాలి ఆడినట్టయింది. "లేదక్కా. ఇప్పుడే వద్దంటున్నారు."

వచ్చినావిడ గుడ్డసంచిని ఒళ్ళోకి లాక్కుంది. "ఉంటే ముందుగా డాక్టరుకి చెప్పాలి, అందుకని" అంది.

"అక్కా, ఒకటడుగుతాను. నా నుంచే ఆయనకి అంటిందా? పెళ్ళికి ముందు హాస్టల్లో ఉండేదాన్ని. అక్కడి బాత్రూములు..."

"బాత్రూముల మీద నింద వెయ్యకు. ఇది అలా రాదు. ఒంట్లో చాలాకాలం చప్పుడు చెయ్యకుండా ఉండగలదు. మగవాళ్ళలో చాలామందికి ఏమీ కనపడదు. ఎవరి నుంచి ఎవరికో ఏ పరీక్షా చెప్పలేదు."

"నా నుంచే అయ్యుంటుంది. ఆయన అలాంటివారు కాదు."

నేరం తన మీద వేసుకుంటే ఆమెకు చిత్రమైన నిశ్చింత కలిగింది. తప్పు తనదైతే ఆయన తనవాడుగానే మిగులుతాడు. ఆ మాటకు ఎదుటిమనిషి తల ఊపుతుందేమోనని చూసింది. ఊపలేదు. కాదనీ అనలేదు.

"ఆయన నన్ను వదిలేస్తారేమో అక్కా."

"ముందు నీ ఒళ్ళు చూసుకో. మిగతాది తర్వాత ఏడుద్దాం. రేపు పొద్దున్నే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళు. స్వాబ్ అని, దూదిపుల్లతో లోపలి తడి తీస్తారు. నొప్పి ఉండదు, కొంచెం చిరాకు. రక్తపరీక్ష కూడా అడిగి చేయించుకో. ఇలాంటివి ఒక్కోసారి తోడు తెచ్చుకుంటాయి."

"మందుతో పోతుందా?"

"శుభ్రంగా పోతుంది. కానీ ఇద్దరూ ఒకేసారి వాడాలి. తగ్గినట్టుందని మధ్యలో ఆపకూడదు. వాడుతున్నన్నాళ్ళూ, ఆ తర్వాత ఇంకో వారం, దూరంగా ఉండాలి. ఒకళ్ళు వాడి ఇంకొకళ్ళు మానేస్తే చిల్లుకుండలో నీళ్ళు పోసినట్టే. మళ్ళీ తిరగబెడుతుంది. ఎంత జాగ్రత్తగా ఉన్నా తిరగబెడుతుంది." ఆ చివరి మాట అనేటప్పుడు మాత్రం గొంతు కాస్త కీచుగా పలికింది.

"వెళ్తాను" అంది ఆమె. "ఒట్టు. రేపే."

"ఒట్లు వద్దు. వెళ్తే చాలు."

వచ్చినావిడ లేచి గడియ తీసింది. ఆమె గుమ్మం దాకా వెంట నడిచింది. తనలో ఏదో ముడి విడిపోయినట్టుంది. ఆ తేలికలోంచే కొత్త భయం పుట్టింది.

"నా సంగతి సరే అక్కా. ఆయనకి మాత్రలంటే పడదు. జ్వరమొచ్చినా దిండు కింద దాచేస్తారు. వారంలో సగం రోజులు పనుల మీద వేరే ఊళ్ళలోనే ఉంటారు, ఒంటరిగా. మింగారో లేదో ఎవరు చూస్తారు?"

"నేను చూస్తాను" అంది వచ్చినావిడ, చెప్పులు వేసుకుంటూ.

"అంత దూరంలో మీరెలా చూస్తారు?"

"మా పెళ్ళయినప్పటి నుంచీ ఆయనకి అన్నం పెట్టేది నేనే."