రంగు చీటీల గోడ

మూడో సాఫ్ట్‌వేరు కూడా పనికిరాదని తేలేసరికి పూవయ్య రెండు చేతులతో తల పట్టుకున్నాడు.

మైసూరులోని ఆ చిన్న కంపెనీలో అతని బృందం తొమ్మిది మంది. అగరుబత్తీల ఫ్యాక్టరీ యజమాని జవరేగౌడకు ఉగాదికి అందించాల్సిన పని దసరా దాటినా తెమల్లేదు. ఎవరు ఏం చేస్తున్నారో ఎవరికీ తెలియదు మరి. ఒకే పనిని ముగ్గురు మూడుసార్లు చేశారు. ఇంకోదాన్ని అసలు ఎవరూ ముట్టుకోలేదు. నెలాఖరుకి జవరేగౌడ చూసి, నచ్చి, సంతకం పెట్టకపోతే బృందాన్ని విడగొట్టి పూవయ్యను హుబ్బళ్లి పంపుతానని కంపెనీ నడిపే మేడమ్ తేల్చి చెప్పేసింది. అందుకే పనులు పంచి, ఎవరిది ఎంతవరకు వచ్చిందో చూపించే సాఫ్ట్‌వేరు కోసం ఈ వెతుకులాట.

మొదటిదాంట్లో ఒక పని ఎక్కించాలంటే పదకొండు చోట్ల నొక్కాలి. ఆలోపు ఆ పనే అయిపోతుందన్నాడు లింగరాజు. రెండోది గంటగంటకీ ఫోనులో గుర్తుచేసేది. దీనికన్నా మా అత్తగారు నయమంది రేవతి. మూడోది వెనకబడ్డవాళ్ల పేర్లు ఎర్రగా చూపించింది. అన్నిటికన్నా పైన పూవయ్య పేరే ఉంది.

చివరికి రేవతి దేవరాజ మార్కెట్‌కి పోయి రంగు చీటీలు తెచ్చి గోడకి అంటించింది. చేయాల్సినవి ఎడమన, అయినవి కుడిన. కాఫీకి లేచినవాడల్లా ఒక చీటీ అటు జరిపేవాడు. జరపనివాడికి వడ లేదని లింగరాజు కట్టడి పెట్టాడు. పద్దెనిమిది రోజుల్లో పని పూర్తయింది.

జవరేగౌడ వచ్చాడు. లోపలికి పోతూ గోడ ముందు ఆగిపోయాడు.

“ఇదేందయ్యా?”

“దీనివల్లే సార్ మీ పని అయింది,” అన్నాడు పూవయ్య ఉబ్బిపోతూ. “మూడు సాఫ్ట్‌వేర్లు చూశాం. ఒక్కటీ దీని కాలిగోటికి చాలదు.”

“మావాళ్లలో సగంమందికి చదువు రాదే?”

“రంగు చూస్తే చాలు సార్. మా వాచ్‌మన్ కూడా చెప్పేస్తాడు.”

రేవతి వెనకనుంచి అతని చొక్కా లాగుతూనే ఉంది.

జవరేగౌడ గోడని ఫోటో తీసుకున్నాడు. చీటీలు ఏ కొట్లో దొరుకుతాయో అడిగి రాసుకున్నాడు. పెన్నుకి మూత పెట్టి, సంతకం సంగతే ఎత్తకుండా, పూవయ్య భుజం తట్టి వెళ్లిపోయాడు.

తొమ్మిదిమందీ కలిసి ఆయన కోసం తయారుచేసింది, పనులు పంచి చూసుకునే నాలుగో సాఫ్ట్‌వేరు.