బాగు చెయ్యని చక్రం

"ఆగండి! దాన్ని బాగు చెయ్యకండి."

సైకిల్ మెకానిక్ సుత్తి ఆపి తలెత్తాడు. కొట్టు ముందు టోపీ పెట్టుకున్న పెద్దాయన ఎవరో నిలబడి ఉన్నాడు.

"బాగు చేసే కొట్టుకొచ్చి బాగు చెయ్యొద్దంటావేంటయ్యా?"

"నిన్న కారు గుద్దిన సైకిల్ ఇదే కదా?"

"అవును. నా కూతురిది. నర్సు. ఊరందరి కాళ్ళకీ కట్లు కట్టే పిల్ల, ఇవాళ దాని కాలికే కట్టు. అది ఇంటికొచ్చేసరికి ఈ సైకిల్ మీద గీత కూడా కనపడకూడదు."

వెనక చక్రం ఎనిమిది అంకెలా మెలితిరిగిపోయింది. విరిగిన మడ్‌గార్డు దాన్ని పట్టుకుని వేలాడుతోంది. మెకానిక్ రెండింటినీ విప్పి మూలకి గిరాటేశాడు.

"పోనీ, అవి నాకిప్పించండి."

"ఓహో, తుక్కు బేరమా! ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడట ఇంకొకడు. పట్టుకుపో, పీడా పోతుంది!"

పెద్దాయన ఒంటిమీది కోటు విప్పి రెండింటినీ కలిపి చుట్టాడు. పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని వెళ్ళిపోయాడు.

"పిచ్చి మారాజు!" అన్నాడు మెకానిక్ భార్యతో.

తర్వాతి వారం ఉచిత న్యాయసహాయం తరఫున లాయరమ్మ వచ్చింది. ఆ అమ్మాయి కూడా సైకిల్ మీదే వచ్చింది.

"బాబాయ్, అక్క సైకిల్ చూపించు."

మెకానిక్ గర్వంగా గుడ్డ తీశాడు. కొత్త చక్రం, కొత్త రంగు. సైకిల్ అద్దంలా మెరుస్తోంది.

లాయరమ్మ అక్కడే స్టూలు మీద కూలబడింది.

"ఎంత పని చేశావు బాబాయ్! అక్క పక్క సందులోంచి అడ్డంగా దూరిందని కారు నడిపినవాడు రాసిచ్చాడు. కాదు, వెనకనుంచి వాడే గుద్దాడని చెప్పడానికి మనకున్నది ఆ వెనక చక్రం ఒక్కటే."

"చెప్పలేకపోతే?"

"తప్పు అక్కదే అంటారు. బీమా కంపెనీ రెండో ఆపరేషన్‌కి పైసా ఇవ్వదు. అది లేకపోతే అక్క వార్డులో నిలబడి పని చెయ్యలేదు. పోనీ, ఫొటో అయినా తీశావా?"

"ఆ దిక్కుమాలినదాన్ని ఫొటో తీసి గోడకి తగిలించుకోనా అమ్మా!"

లోపలినుంచి భార్య అందుకుంది. "ఊళ్ళోవాళ్ళ సైకిళ్ళకి ఇదిగో అదిగో అని తిప్పించుకుంటావు. జన్మలో ఇదొక్కటే చెప్పిన పూటకి చేశావు!"

మెకానిక్ చెప్పులేసుకుని ఆ చక్రం కోసం బయల్దేరాడు.

తుక్కు కొట్లన్నీ గాలించాడు. టోపీ పెద్దాయన ఎవరికీ తెలీదు. కనిపిస్తే టోపీతో సహా పాతరేస్తానని పళ్ళు కొరికాడు.

విచారణ రోజు కనిపించాడు. కోర్టు వరండాలో, బెంచీ మీద, ఒళ్ళో కోటు మూటతో.

మెకానిక్ ఒక్క అంగలో వెళ్ళి రెక్క పట్టుకున్నాడు. "దొరికావయ్యా! నా కూతురి కాలు మూటగట్టుకు పోయావు. అమ్మేశావా, కరిగించేశావా?"

"ఎలా ఇచ్చారో అలాగే ఉంది. మంచం కింద పెట్టుకున్నాను. నిద్ర పడితే ఒట్టు."

"మరి ఇన్నాళ్ళూ తేలేదేం?"

"నిజం చెప్పాల్సిన నోరొకటుంది. అదే చెబుతుందని చూశాను." పెద్దాయన లేచాడు. "చెప్పలేదు."

"నీ సొద ఎవడిక్కావాలి?"

లాయరమ్మ వచ్చి కోటు మడత విప్పి చూసింది. ఆమె కళ్ళు వెలిగాయి. పెద్దాయనతో పక్కకెళ్ళి ఏదో మాట్లాడింది. తిరిగొచ్చేటప్పుడు ఆయన చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చింది.

"బాబాయ్, నువ్వూ సాక్షివే. పిలిచేదాకా లోపలికి రాకూడదు."

తలుపు మూసుకుంది. మెకానిక్ వరండా ఈ చివరినుంచి ఆ చివరికి నడుస్తూనే ఉన్నాడు. ఎట్టకేలకు పిలుపు వచ్చింది.

లోపల జడ్జి ముందు బల్ల మీద చక్రం ఉంది. మడ్‌గార్డు వెనక వైపు నీలం రంగు పెచ్చు అతుక్కుని ఉంది. గుద్దిన కారు రంగు.

"ఇది మీ అమ్మాయి సైకిల్‌దేనని ఎలా చెబుతారు?" అన్నాడు కంపెనీ లాయరు. "చక్రాలన్నీ గుండ్రంగానే ఉంటాయిగా!"

"ఇది గుండ్రంగా లేదుగా బాబూ."

జడ్జి కూడా నవ్వాపుకోలేకపోయారు.

"ఆ చువ్వల్లో ఒకటి ఆకుపచ్చది, చూడండి. మా పిల్లకి ఉద్యోగం వచ్చిన రోజు ఈ చక్రం నా చేత్తో అల్లాను. ఆ చువ్వ తిరుగుతుంటే నాన్న వెనకే వస్తున్నట్టుంటుందని తనే అడిగి వేయించుకుంది."



ముందు వరసలో తల వంచుకుని కూర్చున్న యువకుడు ఆ చువ్వ వైపు చూశాడు. తర్వాత గోడవారగా నిలబడ్డ పెద్దాయన వైపు చూశాడు. లేచాడు.

కంపెనీ లాయరు చొక్కా పట్టి లాగుతున్నా కూర్చోలేదు.

"వెనకనుంచే గుద్దాను. ఫోన్ చూసుకుంటూ నడిపాను. తప్పు ఆవిడది కాదు, నాది."

మధ్యాహ్నానికల్లా కంపెనీ దిగొచ్చింది. ఆపరేషన్ ఖర్చు మొత్తం వాళ్ళదే.

మెకానిక్ వరండాలో నిలబడి ఫోన్లోకి అరిచాడు. "అమ్మలూ, గెలిచాం! నువ్వు మళ్ళీ నిలబడతావే!"

అటునుంచి ఏడుపూ నవ్వూ కలిసొచ్చాయి. "నాన్నా, నీకు పుణ్యముంటుంది, ఆ చక్రాన్ని మాత్రం బాగు చెయ్యకు!"

అప్పుడు గుర్తొచ్చింది. "టోపీ పెద్దాయనేడీ? నోటికొచ్చినట్టు తిట్టాను. చేతులు పట్టుకుని క్షమించమనాలి."

"బాబాయ్, ఆయనెవరో..." లాయరమ్మ చెప్పబోయేలోపే అతను మెట్లు దిగి పరిగెత్తాడు.

గేటవతల, కోటు లేకుండా, ఒంటరిగా నడిచిపోతున్నాడు పెద్దాయన.

"బాబుగారూ! ఆగండి బాబుగారూ!"

వినపడలేదు.

ముందు భాగం సొట్టబోయిన నీలం కారొకటి మెల్లగా వచ్చి ఆయన పక్కన ఆగింది. ఇందాకటి యువకుడు దిగి, తలుపు తెరిచి పట్టుకుని, అడిగీ అడగనట్టు అడిగాడు.

"ఎక్కు నాన్నా."