మరిది సమ్మతి

వైద్య గ్రంథాలయం అందరి ఫోన్లలోకీ వచ్చాక, బంధువులంతా ఆ మందు పేజీ చదివి సమ్మతి నొక్కితేనే డాక్టరు సూది వేయాలన్న నియమమూ వచ్చింది. భర్త ఊపిరందక రొప్పుతుంటే దమయంతి ఎప్పుడో నొక్కేసింది. మరిది గోవర్ధనం ఇంకా చదువుతున్నాడు.

“నువ్వు వేసేదాంట్లో సగం మోతాదే ఈ పేజీలో ఉంది. మా అన్న మీద ప్రయోగాలా?”

“మీరు చూస్తున్నది పసిపిల్లల పేజీ అండీ,” అంది డాక్టరు.

“అంటే నాకు చదువు రాదంటావు.”

“నొక్కవయ్యా, నీకు దణ్ణం పెడతాను,” అంది దమయంతి.

“నువ్వూరుకో వదినా. వీళ్ల సంగతి నీకు తెలీదు.”

మంచం మీద రొప్పు ఆగింది. దమయంతి మరిది బొటనవేలు ఒడిసిపట్టి తెర మీద అదిమింది. సమ్మతి అందిందని ఫోను మర్యాదగా పలికింది. డాక్టరు నాడి చూసి, సూదిని మందుతో సహా ట్రేలో పెట్టేసింది.

దమయంతి ఆ వేలు వదల్లేదు.