లోపాల కింద రాసిన వాక్యం

కొత్త నవలల బాగోగులు పత్రికకు రాయడం వకుళ పని. ఈ వారం వచ్చిన నవలలో రాబోయే కాలంలో ఎగువ జిల్లాలూ దిగువ జిల్లాలూ నీళ్ల కోసం కొట్టుకు చస్తాయి. ఎప్పట్లాగే ఆమె గుణాలు ఎడమవైపు, లోపాలు కుడివైపు రాసుకుంది. చివరి లోపం: "యుద్ధమొస్తే మాత్రం మొగుడూ పెళ్లాలు ఒకరినొకరు అనుమానిస్తారా? నమ్మేలా లేదు."

"మొదటి తూటా మీ ఎగువవాళ్లే పేల్చారని రాశాడండీ. అది అన్యాయం," అంది, చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న భర్త త్రిలోచన్‌తో.

"పేల్చింది మీ దిగువవాళ్లు కదా. నిన్ననే చదివాను."

తెర ముందున్నది ఎవరో గుర్తుపట్టి, చదివే మనిషిని బట్టి పుస్తకం దానంతటదే మారిపోయే రోజులవి. మారేది పాత్రల తిండీ, పేర్లే అనుకునేది వకుళ. అతని ట్యాబ్ తీసుకుని చూసింది. పేల్చింది ఎగువవాళ్లే. తిరిగి అతని చేతికిచ్చింది.

"దిగువవాళ్లనే ఉందిగా," అన్నాడతను.

"ఏదీ, పైకి చదవండి."

చదివాడు. ఎక్కడా తడబడలేదు. ముందే అల్లి పెట్టుకున్నాడేమో అనిపించింది ఆమెకు.

"ఇందాక నా ట్యాబ్‌లో ఏం నొక్కావు?" అంటూ అతను దాన్ని తన వైపు తిప్పుకున్నాడు.

వకుళ కుడివైపు చివరి వాక్యం కొట్టేసి, ఎడమవైపు రాసింది: "మొగుడూ పెళ్లాల మధ్య అనుమానాన్ని ఉన్నదున్నట్టు రాశాడు."